ఉప్పుగూడ గల్లీలో కాంటా మీద నేను

ఉప్పుగూడకి మొదటిసారి రైల్లో వచ్చేవాళ్ళు చిన్న తికమక పడతారు. ఇంగ్లిష్‌లో రైల్వే వాళ్ళు రాసే పేరు ‘హుప్పుగూడ’. కోడ్ హెచ్‌పీజీ. ముందున్న ఆ ‘హ’ ఎక్కణ్ణుంచి వచ్చిందని ఇక్కడివాళ్ళని అడిగితే నవ్వేసి ఊరుకుంటారు. యాకుత్‌పురా దాటాక, ఫలక్‌నుమాకి ఒక్క స్టేషన్ ముందు దిగితే మా బస్తీ.

పాతబస్తీ అంటే రీల్స్‌లో మీకు కనిపించేది చార్మినార్, లాడ్ బజార్ గాజులు, రాత్రి బిర్యానీ. ఇటువైపు కెమెరాలు తక్కువ. లాల్ దర్వాజా, గౌలిపురా, ఛత్రినాక, ఉప్పుగూడ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఒక గల్లీలో తెలుగు, పక్క గల్లీలో ఉర్దూ, మధ్యలో కిరాణా కొట్టు దగ్గర రెండూ కలిపి. ఆషాఢంలో బోనాలు గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి దగ్గర జరిగి, లాల్ దర్వాజా సింహవాహిని అమ్మవారి దగ్గరికి వచ్చేసరికి మా వైపు నిలబడడానికి చోటు ఉండదు.

నాకు నిలబడే చోటు అక్కర్లేదు. నేనెప్పుడూ కూర్చునే ఉంటా.

2019 జనవరిలో, 28 ఏళ్ళ వయసులో, పని మీద ఉండగా నిచ్చెన మీది నుంచి పడ్డా. అప్పుడు నేను ఎలక్ట్రీషియన్‌ని. వెన్నుపాము నడుముకి పైన దెబ్బతింది. బొడ్డు కింది నుంచి కదలిక లేదు, స్పర్శ లేదు. చేతులు మాత్రం మునుపటిలాగే ఉన్నాయి. డాక్టర్ల భాషలో పారాప్లీజియా. ఇప్పుడు ఇంటి ముందు గదిలో బల్ల వేసుకుని ఫోన్లు రిపేర్ చేస్తా. పగిలిన డిస్‌ప్లేలు, ఉబ్బిన బ్యాటరీలు, ‘అన్నా, ఫోటోలు పోవొద్దు’ అని బతిమాలే కాలేజీ పిల్లలు. పని బాగానే ఉంది. పొద్దున 10 నుంచి రాత్రి 9 దాకా కదలని పని.

‘కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి’ అంటారు కదా. అది ఆస్తి గురించి చెప్పిన మాట. ఒంటి విషయంలో మాత్రం కూర్చుని తింటే కొండలు పెరుగుతాయి.

మా గల్లీని ఒకసారి కుర్చీ చక్రాల నుంచి చూడండి. స్టేషన్ వైపు నుంచి వస్తుంటే కొద్దిగా ఎత్తుకి ఎక్కుతుంది. నడిచేవాళ్ళకి ఆ ఎత్తు తెలియనే తెలియదు, నేనూ 28 ఏళ్ళు తెలుసుకోలేదు. ఇప్పుడు వాన పడితే నీళ్ళు ఏ మూల నుంచి ఏ మూలకి పోతాయో నా భుజాలకి తెలుసు. మ్యాన్‌హోల్ మూతలు రోడ్డు కంటే రెండంగుళాలు పైకి ఉన్నవి మూడు, కిందికి ఉన్నవి రెండు. బైకుల కోసం ఎవరో సొంతంగా వేయించుకున్న సిమెంటు స్పీడ్ బ్రేకర్ ఒకటి.

ఆపైన గడపలు. 2020 అక్టోబరులో వరద నీళ్ళు ఈ చుట్టుపక్కల బస్తీల్లో ఇళ్ళలోకి వచ్చాయి. ఆ తర్వాత మా గల్లీలో చాలామంది గడపలు ఎత్తు చేయించుకున్నారు. మా ఓనర్ కూడా. న్యాయమే, నీళ్ళు లోపలికి రావొద్దు. కానీ ఒక మెట్టు ఉన్నచోట మూడు మెట్లయ్యాయి. పక్కన ఏటవాలు దిమ్మె కట్టుకోవడానికి గల్లీలో వెడల్పు లేదు. అందుకని నేను బయటికి రావాలంటే ఒకరు వెనక హ్యాండిల్స్ పట్టుకుని కుర్చీని వాల్చి, మెట్టు మెట్టుకీ ఆపుకుంటూ దించాలి. లోపలికి వెళ్ళేటప్పుడు అదే తిరగేసి లాగాలి. పగలు తమ్ముడు డ్యూటీకి పోతాడు. ఇంట్లో ఉండేది అమ్మ. ఆమెకి 58 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు.

మా ఇంట్లో బరువు అనే మాట వచ్చిందంటే అది అద్దం గురించో, పెళ్ళి ఫోటో గురించో కాదు. మూడు మెట్ల గురించి. నా ఒంటి మీద ఎక్కే ప్రతి కిలో ముందు అమ్మ నడుం మీద ఎక్కుతుంది.

దెబ్బ తగలకముందు నేను 64 కిలోలు. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. నాలుగు నెలలు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చేసరికి 54. గల్లీ అంతా వచ్చి చూసి ‘పుల్ల లెక్క అయిండు’ అని కళ్ళు ఒత్తుకున్నారు. ఆ తర్వాత వరుసగా గిన్నెలు రావడం మొదలైంది. ఎదురింటి పిన్ని మటన్ పంపింది. పక్క గల్లీ నుంచి ఫాతిహా ఖీర్ వచ్చింది. మేనత్త యాదగిరిగుట్ట దగ్గర్నుంచి నెయ్యి డబ్బా మోసుకొచ్చింది. అందరి లెక్కా ఒకటే: పోయిన 10 కిలోలు మళ్ళీ రావాలి.

ఇక్కడే అసలు సంగతి ఉంది, చాలామందికి ఎవరూ చెప్పరు. పోయిన ఆ 10 కిలోల్లో ఎక్కువ భాగం కండ. మెదడు నుంచి కబురు అందని కండరాలు వారాల్లోనే కరగడం మొదలవుతుంది. తొడలు, పిరుదులు, పిక్కలు. ఒంట్లో పెద్ద కండరాలన్నీ అక్కడే ఉన్నాయి. ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఎంతో కొంత తిండిని కాల్చేవి అవే. అవి తగ్గితే పొయ్యి సన్నమైపోతుంది. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళలో ఏ పనీ చేయనప్పుడు ఖర్చయ్యే శక్తి మిగతావాళ్ళకంటే సుమారు 14 నుంచి 27 శాతం తక్కువ ఉంటుందని పరిశోధనలు చెప్తున్నాయి. తిరిగొచ్చే బరువు మాత్రం కండగా రాదు, కొవ్వుగా వస్తుంది. అదీ పొట్ట దగ్గర. కాంటా మీద మళ్ళీ 64 చూపించినా అది పాత 64 కాదు.

కాంటా అన్నాను కదా, ముందు ఆ కాంటా దొరకాలి. నిలబడలేనివాడు బరువు చూసుకోవడం ఎలా? ఇంట్లో వాడే గాజు మెషీన్ మీద నేను నిలబడలేను. మా దగ్గరి క్లినిక్‌లో ఉన్నదీ నిలబడేదే. తమ్ముడు నన్ను ఎత్తుకుని నిలబడి, తర్వాత తనొక్కడూ నిలబడి, రెండూ తీసేసి చూశాడు. మెషీన్ ఎర్రర్ చూపించింది. కుర్చీతో సహా తూచే పెద్ద మెషీన్లు పెద్ద ఆసుపత్రుల్లో ఉంటాయి. నెలకోసారి అక్కడిదాకా పోవడానికి ఆటో ఖర్చు, సగం రోజు పని.

దారి చూపించింది మా పాత ఇనుప సామాన్ల షాపు. కండికల్ గేట్ వైపు వెళ్ళే రోడ్డు మీద ఉంటుంది. ఇనుప కడ్డీలు, కూలర్ బాడీలు తూచడానికి అక్కడ నేల మీద వెడల్పాటి పళ్ళెం ఉన్న ఎలక్ట్రానిక్ కాంటా ఉంది. మొదటి రోజు షాపు భాయ్ ‘క్యా భాయ్, ఖుద్ కో బేచ్ రహే క్యా’ అన్నాడు. ఇద్దరు పట్టి కుర్చీని పళ్ళెం మీదికి ఎక్కించారు. 90. తర్వాత నన్ను సిమెంటు బస్తాల మీద కూర్చోబెట్టి ఖాళీ కుర్చీని తూచారు. మెత్తతో కలిపి 17. అంటే నేను 73. 2021 నవంబర్ సంగతి ఇది. అప్పటి నుంచి నెలలో మొదటి ఆదివారం పొద్దున, అదే కాంటా, అదే కుర్చీ, అదే మెత్త, అదే లుంగీ. ఏది మారినా లెక్క మారిపోతుంది. డబ్బులు తీసుకోడు. టీ మాత్రం తాగాల్సిందే అంటాడు. ఆ టీ సంగతి తర్వాత చెప్తా.

మీ ఫోన్లో కూడా బీఎంఐ యాప్ ఉండే ఉంటుంది. కిలోలని మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించడమే. మన దేశంవాళ్ళకి 23 దాటితే బరువు ఎక్కువ అని లెక్క. నేను తగ్గుతూ తగ్గుతూ 66కి వచ్చినప్పుడు యాప్ పచ్చరంగు వేసి 22.8, ‘నార్మల్’ అంది. కానీ ఆ లెక్క రెండు కాళ్ళ నిండా కండ ఉన్న మనిషికి. వెన్నుపాము దెబ్బ తగిలి ఏళ్ళు గడిచినవాళ్ళకి 22 దగ్గరే గీత గీయాలని 2009లో ఒక పరిశోధన బృందం సూచించింది. ఆ గీత ప్రకారం నా హద్దు 63 కిలోల చిల్లర. యాప్‌కి ఈ సంగతి తెలియదు. నేను చూసుకునే రెండో కొలత టేపు. మంచం మీద వెల్లకిలా పడుకుని బొడ్డు చుట్టూ కొలుచుకోవడం. కూర్చుంటే మాలాంటివాళ్ళకి పొట్ట కండరాలు పట్టు లేక ముందుకి జారుతుంది, కొలత తప్పొస్తుంది.

ఇక ఎంత తినాలి? ఈ ప్రశ్నకి జవాబు మా రైలు దారిలోనే ఉండడం నాకు భలే నచ్చుతుంది. ఉప్పుగూడలో ఎంఎంటీఎస్ ఎక్కితే యాకుత్‌పురా, దబీర్‌పురా, మలక్‌పేట, కాచిగూడ, విద్యానగర్, ఆ తర్వాత జామై ఉస్మానియా. అక్కడే తార్నాక వైపు జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అందరూ ఎన్‌ఐఎన్ అంటారు. 1918లో తమిళనాడు కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకి ఒక చిన్న గదిలో మొదలై, 1958లో హైదరాబాద్ వచ్చింది. దేశంలో ఎవరు ఎంత తినాలో లెక్కలు వేసేది వాళ్ళే. 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేశారు. ఫోన్లో ఉచితంగా దించుకోవచ్చు.

వాళ్ళ 2020 లెక్క ప్రకారం 65 కిలోల మగవాడు ఒక మోస్తరు శ్రమ చేస్తే రోజుకి 2,710 కేలరీలు కావాలి. నిచ్చెనలెక్కే ఎలక్ట్రీషియన్ అన్నమాట. కూర్చుని పని చేసేవాడికి 2,110. నాలాంటివాడి లెక్క అందులో విడిగా లేదు. దానికి 1985లో అచ్చయిన ఒక అధ్యయనం ఉంది. పారాప్లీజియా ఉన్నవాళ్ళకి కిలోకి సుమారు 28 కేలరీలు, చేతులు కూడా దెబ్బతిన్నవాళ్ళకి సుమారు 23 అని. ఇప్పటికీ చాలా చోట్ల అదే మొదటి అంచనా. 62ని 28తో గుణిస్తే 1,736. అంటే పాత నాకూ ఇప్పటి నాకూ తేడా రోజుకి దాదాపు వెయ్యి కేలరీలు. అది ఒక పూట భోజనం కంటే ఎక్కువ. ఆకలి మాత్రం ఏమీ తగ్గలేదు. నాలుక పాత ఎలక్ట్రీషియన్‌దే.

ఎన్‌ఐఎన్ వాళ్ళు గీసిన పళ్ళెం 2,000 కేలరీలది. బియ్యం, గోధుమ, జొన్న లాంటివి 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400, పండ్లు 100, గింజలు 35, నూనె 27, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. నేనూ, ఫిజియోథెరపీ చేయించిన అక్కా కూర్చుని దాన్ని నా కొలతకి కుదించాం. ఆమె చెప్పిన షరతు ఒక్కటే: కోత అంతా గింజ ధాన్యంలోంచే రావాలి, పప్పు, కూర, గుడ్డు ముట్టుకోవద్దు. 70 గ్రాముల బియ్యం తగ్గిస్తే దాదాపు 250 కేలరీలు పోయినట్టే. మా ఇంట్లో బియ్యం కొలిచే స్టీలు గ్లాసులో సగం కూడా కాదు. బరువు తగ్గాల్సిన నెలల్లో ఇంకో 250 కోసుకున్నా. రాత్రి అన్నం తీసేసి ఒక జొన్న రొట్టె, ఆకుకూర పప్పు.

ఇది చదివితే చాలా తేలిక. పళ్ళెం ముందు అమ్మ ఉంటుంది కదా.

‘ఏందిరా, గంతనేనా? ఇంకింత వేస్త.’

‘వద్దమ్మా.’

‘ఒంట్ల బలముండాలె బిడ్డా. చేతులతోటే బతుకుతున్నవ్.’

ఆమె మాట కొట్టిపారేసేది కాదు. 54 కిలోల కొడుకుని స్పంజితో తుడిచిన చేతులు అవి. నాకు వడ్డించడం ఆమెకి మిగిలిన వైద్యం. అందుకే ‘తగ్గించు’ అనే మాట మా ఇంట్లో పనిచేయలేదు. పచ్చి పులుసు పనిచేసింది. చింతపండు, ఉల్లిగడ్డ, ఎండుమిర్చి, పొయ్యి ఎక్కని పులుసు. గిన్నెడు తాగినా కేలరీలు ఏమంత ఉండవు. ఇంకింత, ఇంకింత అని ఎంతైనా వేసుకోనీ. అలాగే శనగల గుడాలు, బీరకాయ, సొరకాయ, దోసకాయ. వడ్డించే చెయ్యి ఆగలేదు, వడ్డించేది మారింది.

ఇంటి బయట అంత తేలిక కాదు. పొద్దున మా మలుపు దగ్గర టిఫిన్ బండి ఆయన ఉప్మా దోశ వేస్తాడు. పెనం మీద దోశ, దాని మీద గరిటెడు ఉప్మా, కారం, వెన్న ముద్ద. హైదరాబాద్ బయట ఉప్మాని దోశలో పెట్టి అమ్మితే కేసు పెడతారు, మేం మాత్రం లైన్లో నిలబడి తింటాం. ఆయనతో నా ఒప్పందం నెలకి రెండుసార్లు. మిగతా రోజులు ఇడ్లీ, పల్లీ చట్నీ తక్కువ, సాంబార్ ఎక్కువ.

ఇప్పుడు టీ సంగతి. ఇరానీ చాయ్‌లో రెండు చెంచాల చక్కెర అనుకోండి, 10 గ్రాములు. రిపేరు పనిలో రోజుకి అయిదు చాయ్‌లు మామూలు. 50 గ్రాములు, 200 కేలరీలు, చక్కెర ఒక్కటే. పాలు, పక్కన ఉస్మానియా బిస్కెట్లు వేరే. ఎన్‌ఐఎన్ చెప్పే హద్దు రోజుకి 25 గ్రాముల చక్కెర. ఒక కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు, కాబట్టి ఈ 200 మిగులుతూ పోతే కాగితం మీద నెలా పది రోజులకో కిలో. ఒళ్ళు కాగితం కాదు, అంత కచ్చితంగా ఎక్కదు, కానీ పోయేది అటే. ఇప్పుడు రెండు చాయ్‌లు. ఒకటి కస్టమర్ల కోసం, ఒకటి నా కోసం. కాంటా షాపులో తాగేది ఆ నెల లెక్కలో లేదు.

రంజాన్‌లో హలీమ్, ఆషాఢంలో బోనాల వేట మాంసం, సంక్రాంతికి సకినాలు. వీటిని మానుకోమని ఏ డైటీషియన్ చెప్పినా నేను వినను, మా గల్లీ అసలే వినదు. హలీమ్‌లో మాంసం, గోధుమ, పప్పు ఉన్నాయి. పైన తేలే నెయ్యిని పక్కకి జరుపుకుని, దాన్నే ఆ రాత్రి భోజనం అనుకుంటే సరి. హలీమ్ తిని ఇంటికొచ్చి మళ్ళీ అన్నం తినడమే మా దగ్గర అసలు ఆచారం. ఆ రెండో భాగం వదిలేశా.

పూర్తిగా మాడితే తొందరగా తగ్గుతాం కదా అని మీలో ఎవరైనా అనుకుంటే, మాలాంటివాళ్ళ విషయంలో అది ప్రమాదం. స్పర్శ లేని చోట గంటల తరబడి కూర్చుంటే పిరుదుల ఎముకల దగ్గర చర్మం నలిగి పుండు పడుతుంది. నొప్పి తెలియదు కాబట్టి లోపలికి పోయేదాకా కనిపించదు. అందుకే ప్రతి 15 నుంచి 30 నిమిషాలకోసారి ముందుకి వంగో, పక్కకి ఒరిగో, చేతులమీద లేచో ఒత్తిడి తీయాలి. నా ఫోన్ అలారం వినీ వినీ కస్టమర్లు కూడా ‘అన్నా, టైమైంది’ అంటారు. ఒళ్ళు బరువెక్కితే ఆ లేవడం కష్టం. మరీ చిక్కితే ఎముకకీ మెత్తకీ మధ్య అడ్డు పోతుంది. పుండు మానాలంటే ప్రోటీన్ కావాలి. అందుకే రెండు గుడ్లు, పప్పు, పెరుగు ఏ నెలలోనూ తగ్గించలేదు. పీచు, నీళ్ళు కూడా అంతే. మా పేగులు నెమ్మది, ఆకుకూర తగ్గితే మూడో రోజుకి ఆ శిక్ష ఉంటుంది. ఇంతకంటే వివరంగా పత్రికలో రాయలేను, మీరు అన్నం తింటూ చదువుతుంటారు.

మందుల మాట కూడా ఒకటి. నరాల నొప్పికి వాడే ప్రీగాబాలిన్ లాంటి మాత్రలతో కొందరికి బరువు పెరుగుతుంది. సొంతంగా మానేయకూడదు, హఠాత్తుగా ఆపితే వేరే గొడవలు వస్తాయి. డాక్టర్ని అడిగితే మోతాదు చూస్తారు. నాకు చూశారు.

వ్యాయామం అంటే వాకింగ్ అనే ఊరు మనది. ఏ డాక్టర్ దగ్గరికి పోయినా చీటీ చివర ‘రోజూ 45 నిమిషాలు నడవండి’ అని అచ్చేసి ఉంటుంది. ఒకాయన నాకూ ఆ చీటీ ఇచ్చి, కుర్చీ చూసి, పెన్నుతో కొట్టేశాడు. కొట్టేసిన చోట ఏమీ రాయలేదు. అక్కడ రాయాల్సింది 2018లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఉంది. వెన్నుపాము దెబ్బతిన్న పెద్దవాళ్ళు దమ్ము పెంచుకోవడానికి వారానికి రెండుసార్లు కనీసం 20 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేలా చేయాలి, దాంతోపాటు కండబలం పెంచే కసరత్తు రెండుసార్లు. గుండె, షుగర్ కోసమైతే వారానికి మూడుసార్లు 30 నిమిషాలు.

నేను చేసేది పొద్దున అయిదున్నరకి. తమ్ముడు డ్యూటీకి పోయేముందు మెట్లు దించుతాడు. ఆ టైములో ఉప్పుగూడ వేరే ఊరు. పాల ప్యాకెట్ల ఆటో, ఊడ్చే అక్కలు, నమాజ్ అయ్యాక మాట్లాడుకుంటూ వచ్చే పెద్దవాళ్ళు, మొదటి రైలు కూత. ఫలక్‌నుమా గుట్ట మీద ఆ మహల్ పొగమంచులోంచి కొద్దికొద్దిగా బయటికొస్తుంది. అందులో ఒక రాత్రికి ఎంత తీసుకుంటారో తెలిసీ మేం రోజూ ఉచితంగా చూస్తాం. బైకులు లేని ఆ అరగంట గల్లీ నాది. స్టేషన్ రోడ్డులో చదునుగా ఉన్న ముక్క చూసుకుని అటూ ఇటూ నాలుగు రౌండ్లు. ఎత్తు ఎక్కే భాగం ఒక్కసారే, అదీ వెనక్కి ఆనకుండా ముందుకి వంగి. ఏప్రిల్, మే నెలల్లో ఆరున్నరకల్లా ఇంట్లో ఉంటా. దెబ్బ తగిలిన చోటికి కింద మాకు చెమట సరిగ్గా పట్టదు, ఒంటి వేడి దిగదు. తడిగుడ్డ మెడ చుట్టూ ఉండాల్సిందే.

నిజం చెప్పాలంటే దీనివల్ల తగ్గే బరువు కొంచెమే. చేతుల కండరాలు చిన్నవి, ఎంత తోసినా కాళ్ళంత ఖర్చు చేయలేవు. కిలోలు దిగింది పళ్ళెం దగ్గరే. తోయడం వల్ల వచ్చింది దమ్ము, నిద్ర. కాకపోతే భుజాలకీ ఒక ఆయుష్షు ఉంది. మంచం మీది నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి బాత్రూమ్ స్టూలుకి, మళ్ళీ కుర్చీకి, రోజుకి పది పన్నెండుసార్లు ఈ రెండు భుజాలే నన్ను మోస్తాయి. దేవుడు వాటిని నడవడానికి చేయలేదు. అందుకే కిటికీ ఊచకి రబ్బరు బ్యాండు కట్టి వెనక్కి లాగే కసరత్తు వారానికి రెండుసార్లు. ఛాతీ కంటే వీపు బలంగా ఉంటే భుజం ముందుకి జారదని అక్క చెప్పింది.

మా గల్లీ చివర చాచా ఒకాయన ఉన్నాడు. షుగర్‌తో పాదానికి పుండు పడి, ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. ఆయన కష్టం ఇంకో రకం. కృత్రిమ కాలి గిన్నె మిగిలిన కాలికి సరిగ్గా అచ్చు పోసినట్టు ఉంటుంది. నాలుగు కిలోలు పెరిగితే అది పట్టదు, తగ్గితే వదులై చర్మం ఒరుస్తుంది. ఆర్నెల్లు తొడుక్కోకుండా మూలన పెట్టాడు. తొడుక్కోకపోతే నడక లేదు, నడక లేకపోతే షుగర్, బరువు రెండూ పెరిగాయి, పెరిగితే గిన్నె ఇంకా పట్టదు. ఆయన బీఎంఐ లెక్క కూడా యాప్‌లో తప్పే వస్తుంది. మోకాలి కింది కాలు, పాదం కలిపి ఒంటి బరువులో దాదాపు 6 శాతం. అది లేకుండా తూచి ‘బరువు సరిపోయింది’ అంటే ఆ సరిపోయిన దాంట్లో లేని కాలు కూడా ఉన్నట్టు.

చాచాకి వచ్చేది, నాకు వచ్చేది ఒకటే, దివ్యాంగుల పింఛన్ 4,016 రూపాయలు. 2023లో 3,016 నుంచి పెంచారు. ఆ డబ్బుతో కడుపు నింపడం తేలిక. రేషన్ బియ్యం, చాయ్, బిస్కెట్. గుడ్లు, పప్పు, పండ్లు, ఆకుకూరలతో నింపడమే కష్టం. ‘తక్కువ తిను’ అని చెప్పడం ఎవరికైనా ఉచితం, తక్కువ తిని మంచిది తినడానికి డబ్బు కావాలి. నాకు రిపేరు సంపాదన ఉంది కాబట్టి రోజూ రెండు గుడ్లు వస్తున్నాయి. చాచా ఇంట్లో అవి మనవల పళ్ళెంలోకి పోతాయి. ఆయన్ని ఏమీ అనలేం.

2021 నవంబర్‌లో 73. 2022 బోనాలకి 69. ఆ ఏడు చలికాలం ఒక్క గ్రామూ కదల్లేదు. 2023 రంజాన్ తర్వాత 66. ఇప్పుడు ఏడాదిగా 62, 63 మధ్య ఆడుతోంది. సినిమా హీరోల లెక్కన చూస్తే ఇదొక తగ్గడమే కాదు. కానీ 73 ఉన్నప్పుడు మూడు మెట్లు దించాలంటే అమ్మ పక్కింటి అబ్బాయిని కేకేసేది. అతను కాలేజీకి పోతే సాయంత్రం దాకా నేను లోపలే. మందుల షాపుకి పోవాలన్నా, ఎదురుగా పతంగుల పోటీ చూడాలన్నా అతను రావాలి. 64 దగ్గర ఒకరోజు ఆమె ఎవర్నీ పిలవకుండా హ్యాండిల్స్ పట్టుకుంది. ‘ఆగు, చూద్దాం’ అంది. కుర్చీ మెట్టు మెట్టుకీ దబ్ దబ్ అని దిగింది. గల్లీలోకొచ్చాక కొంగుతో మొహం తుడుచుకుని, ‘బియ్యం బస్తా లెక్కనే ఉన్నవ్’ అంది. కిరాణా షాపు దాకా ఇద్దరమే వెళ్ళి కొత్తిమీర కొనుక్కొచ్చాం.

ఈ నెల కాంటాకి చాచా కూడా వస్తానన్నాడు. కొత్త గిన్నె అచ్చు తీసే ముందు బరువు ఒక చోట నిలబెట్టాలని సెంటర్ వాళ్ళు చెప్పారట. కాలు తొడుక్కుని తూగాలా, తీసి తూగాలా అని షాపు భాయ్‌కీ ఆయనకీ అప్పుడే వాదన మొదలైంది. రెండూ తూచి రెండూ రాసుకుందాం అన్నా. అలాగైతే రెండు చాయ్‌లు అంటున్నాడు భాయ్.